అరవై ఒకటో రోజు



ఇంట్లో మనిషిని పోలీసులు పట్టుకెళ్తే ఆ పూట ఆ ఇంట్లో పొయ్యి వెలగదు. చుట్టాలకి ఫోన్లు వెళ్తాయి. ఒకరు ఫలానా ప్లీడరుగారిని కలవమంటారు. ఇంకొకరు ఊరి పెద్దల్ని వెంటబెట్టుకుని స్టేషన్‌కి వెళ్లమంటారు. మర్నాటికి కోర్టులో హాజరుపరిచారని తెలుస్తుంది. రిమాండ్ అన్నారని తెలుస్తుంది. మనిషి సబ్ జైలుకి వెళ్లిపోతాడు. ఇక ఆ ఇంట్లో అమ్మ గానీ, భార్య గానీ కనపడిన ప్రతివాళ్లనీ ఒకటే అడుగుతుంది. "ఎప్పుడొస్తాడు?"

దీనికి ఎవరూ తేదీ చెప్పలేరు. బెయిలు ఇవ్వాలా వద్దా అనేది కోర్టు అన్నీ చూసి నిర్ణయిస్తుంది. నేరం ఎంత పెద్దది, బయటికొస్తే సాక్షుల్ని బెదిరిస్తాడా, పారిపోతాడా, ఇవన్నీ తూకం వేస్తుంది. కానీ ఒక్క సందర్భంలో మాత్రం కోర్టు ఇవేవీ చూడదు. క్యాలెండరు చూస్తుంది. రోజులు లెక్కపెడుతుంది. ఆ రోజుల లెక్క గురించే ఈ పూట మీతో మాట్లాడతాను.

లెక్క ఇది. ఒక మనిషి రిమాండ్‌లో ఉన్నాడు. పోలీసులు దర్యాప్తు ముగించి అతని మీద కోర్టులో చార్జిషీటు వెయ్యాలి. చార్జిషీటు అంటే, ఇతను ఈ నేరం చేశాడు, ఇవీ మా దగ్గరున్న సాక్ష్యాలు అని పోలీసులు కోర్టుకి ఇచ్చే అభియోగపత్రం. మామూలు కేసుల్లో అది 60 రోజుల్లో రావాలి. పెద్ద నేరాల్లో 90 రోజుల్లో రావాలి. రాకపోతే, లోపలున్న మనిషి బెయిలు అడిగితే, కోర్టు ఇచ్చి తీరాలి. ఇవ్వవచ్చు అనడం లేదు. ఇచ్చి తీరాలి అంటున్నాను.

కోర్టు వరండాల్లో దీన్ని కొందరు డిఫాల్ట్ బెయిలు అంటారు, కొందరు మాండేటరీ బెయిలు అంటారు. ఏ పేరుతో పిలిచినా హక్కు ఒకటే. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో ఇది 167వ సెక్షన్. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 187వ సెక్షన్. చట్టం పేరు మారింది. 60 రోజులు, 90 రోజులు అలాగే ఉన్నాయి.

ఈ గడువు చట్టంలోకి ఎలా వచ్చిందో కొంచెం చెప్పాలి. ఎందుకంటే ఇది ఎవరో దయతలచి ఇచ్చింది కాదు. బ్రిటిషువాళ్ల కాలం నాటి 1898 చట్టం ప్రకారం, దర్యాప్తు కోసం మనిషిని 15 రోజులకు మించి నిర్బంధంలో ఉంచకూడదు. కాగితం మీద అది చాలా మంచి నియమం. కానీ 15 రోజుల్లో దర్యాప్తు పూర్తయ్యేది కాదు. అందుకని పోలీసులు ఒక అరకొర చార్జిషీటు ముందే పడేసేవాళ్లు. దాన్ని చూపించి వాయిదా మీద వాయిదా, రిమాండ్ మీద రిమాండ్ తీసుకునేవాళ్లు. మనిషి నెలల తరబడి లోపలే ఉండేవాడు. 1969లో లా కమిషన్ తన 41వ నివేదికలో ఈ పద్ధతిని ఎత్తిచూపింది. పాటించలేని 15 రోజుల కంటే, కచ్చితంగా పాటించే 60 రోజులు మేలని అభిప్రాయపడింది. ఆ ప్రకారం ఇందాక చెప్పిన క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ చేశారు. అది 1974 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది. తర్వాత 1978లో సవరణ చేసి, పెద్ద నేరాలకి 90 రోజులు చేశారు.

చూడండి, పోలీసుల ఇబ్బంది కూడా ఆలోచించే పెట్టిన గడువు ఇది. పోస్టుమార్టం రిపోర్టు రావాలి. ఫోరెన్సిక్ ల్యాబ్ నుంచి నివేదిక రావాలి. సాక్షులు ఊళ్లో ఉండరు. మధ్యలో జాతర బందోబస్తు వస్తుంది, ఎన్నికల బందోబస్తు వస్తుంది. ఇవన్నీ నిజమే. అందుకే 15 రోజుల్ని 60 చేశారు, 90 చేశారు. ఆ తర్వాత కూడా కాలేదంటే, ఆ ఆలస్యం ఖరీదు లోపలున్న మనిషి చెల్లించకూడదు. చట్టం ఉద్దేశం అది. ఆ ఉద్దేశం నూటికి నూరుపాళ్లూ న్యాయమైనదని నేను నమ్ముతాను.

ఇక 60 ఎప్పుడు, 90 ఎప్పుడు? మరణశిక్ష గానీ, యావజ్జీవ శిక్ష గానీ, 10 ఏళ్లు లేదా అంతకు మించిన జైలు శిక్ష గానీ పడే నేరమైతే 90 రోజులు. మిగతా అన్నిటికీ 60 రోజులు. హత్య కేసుకి 90. వరకట్న మరణానికి యావజ్జీవం దాకా శిక్ష ఉంది కాబట్టి దానికీ 90. మామూలు దొంగతనానికి 60. మోసం కేసుకి 60. భర్త, అత్తమామలు వేధించారన్న కేసుకి 60.

ఒక ఉదాహరణ తీసుకుందాం. పొలంలో బోరు మోటారు పోయింది. పక్క ఊరి కుర్రాణ్ని అనుమానించి పోలీసులు జూన్ 2 సాయంత్రం అరెస్టు చేశారు. అరెస్టు చేసిన మనిషిని 24 గంటల్లోగా మేజిస్ట్రేటు ముందు పెట్టాలి. ఇది మన రాజ్యాంగం 22వ అధికరణం చెప్పిన మాట. జూన్ 3న పెట్టారు. మేజిస్ట్రేటు గారు 14 రోజుల రిమాండ్ వేశారు. కుర్రాడు సబ్ జైలుకి వెళ్లాడు.

ఇప్పుడు లెక్క ఎక్కడ మొదలవుతుంది? చాలామంది ఇక్కడే పొరబడతారు. ఎఫ్.ఐ.ఆర్. కట్టిన తేదీ నుంచి కాదు. అరెస్టు చేసిన తేదీ నుంచి కాదు. మేజిస్ట్రేటు రిమాండ్ వేసిన తేదీ నుంచి. మళ్లీ చెప్తున్నాను. రిమాండ్ వేసిన తేదీ నుంచి. ఆ మొదటి రోజునీ లెక్కలో కలపాలి. ఈ మొదటి రోజు కలపాలా వద్దా అని ఏళ్ల తరబడి కోర్టుల్లో వాదన నడిచింది. 2023 మార్చిలో సుప్రీంకోర్టులో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం దాన్ని తేల్చింది. రిమాండ్ వేసిన రోజే ఒకటో రోజు అంది.

మన కుర్రాడి లెక్క చూద్దాం. జూన్ 3 ఒకటో రోజు. జూన్ నెలాఖరుకి 28 రోజులు. జులైలో 31. మొత్తం 59. ఆగస్టు 1 నాటికి 60. ఆగస్టు 1 రాత్రిలోగా చార్జిషీటు పడకపోతే, ఆగస్టు 2 తెల్లవారేసరికి ఆ కుర్రాడికి బెయిలు హక్కు వచ్చేసినట్టే. అది అరవై ఒకటో రోజు. నెలల లెక్క వెయ్యకండి. రెండు నెలలు అంటే 60 రోజులు కాదు. ఒకసారి 59 అవుతుంది, ఒకసారి 62 అవుతుంది. రోజులే లెక్కపెట్టండి. గోడ మీద క్యాలెండరులో రిమాండ్ తేదీ దగ్గర ఒకటి వేసి, వరసగా అంకెలు వేసుకుంటూ వెళ్లండి. 61 ఎక్కడ పడిందో అక్కడ సున్నా చుట్టండి.

ఒక్క రోజుతో అంత తేడా వస్తుందా అని మీకు అనిపించవచ్చు. 2023లో తేలిన ఆ కేసునే చూడండి. నిందితుల్ని 2020 మే 14న రిమాండ్ చేశారు. ఆ రోజుని కలిపితే జులై 12తో 60 రోజులు నిండాయి. కలపకపోతే జులై 13తో నిండుతాయి. ఆ ఒక్క రోజు మీద కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. మొదటి రోజుని కలపాలని తేలింది కాబట్టి బెయిలు నిలబడింది.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైన సంగతికి వస్తున్నాను. రేడియో దగ్గర కొంచెం జరిగి కూర్చోండి.

గడువు దాటగానే జైలు తలుపు దానంతట అది తెరుచుకోదు. అడగాలి. అడిగితేనే వస్తుంది. అదీ చార్జిషీటు కోర్టులో పడకముందే అడగాలి. పల్లెవెలుగు బస్సు మన ఊరి దగ్గరికి వస్తుంది. చెయ్యెత్తితే ఆగుతుంది. అరుగు మీద కూర్చుని చూస్తూ ఉంటే మనల్ని దాటి వెళ్లిపోతుంది. ఈ హక్కూ అంతే. అరవై ఒకటో రోజు వచ్చింది, మీరు అడగలేదు. అరవై నాలుగో రోజున పోలీసులు చార్జిషీటు వేశారు. అయిపోయింది. ఆ తర్వాత, "నాలుగు రోజులు ఆలస్యం చేశారు కదా, నాకు బెయిలివ్వండి" అంటే కుదరదు. 1994లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఈ మాట స్పష్టంగా చెప్పింది. చార్జిషీటు పడ్డాక మామూలు బెయిలు దరఖాస్తు వేసుకోవలసిందే. అప్పుడు మళ్లీ నేరం తీవ్రత, సాక్ష్యాలు, అన్నీ కోర్టు తూకం వేస్తుంది.

కానీ మీరు ముందు అడిగారనుకోండి. అరవై ఒకటో రోజు పొద్దున్నే దరఖాస్తు పెట్టారు. ఆ మధ్యాహ్నమే పోలీసులు హడావుడిగా చార్జిషీటు తెచ్చి వేశారు. భయపడక్కర్లేదు. మీరు అడిగిన క్షణంలోనే హక్కు వాడుకున్నట్టు లెక్క. తర్వాత వచ్చిన చార్జిషీటు దాన్ని చెరపలేదు. కోర్టు ఉత్తర్వు ఇవ్వడం రెండు రోజులు ఆలస్యమైనా సరే, మీరు అడిగిన వేళే లెక్కలోకి వస్తుంది. 2001లో సుప్రీంకోర్టు ఇది చెప్పింది. 2020లో మళ్లీ చెప్పింది.

అడగడానికి పెద్ద పిటిషను కావాలా? అక్కర్లేదు. రాసి ఇవ్వొచ్చు. నోటితో అడగొచ్చు. అస్సాంకి చెందిన ఒక కేసులో 2017లో సుప్రీంకోర్టు ఈ సంగతి తేల్చింది. జైలు నుంచి వీడియోలో హాజరుపరిచినప్పుడు, "అయ్యా, 60 రోజులు దాటింది, చార్జిషీటు పడలేదు, బెయిలు ఇప్పించండి" అని ముద్దాయి స్వయంగా అన్నా చాలు. అది దరఖాస్తే. అయితే నోటితో అన్న మాట రికార్డులోకి ఎక్కడం ముఖ్యం. కాబట్టి వీలైనంతవరకు కాగితం మీద పెట్టండి. తేదీ, వేళ వేయించుకోండి.

మరి మేజిస్ట్రేటు గారు తనంతట తాను చెప్పరా? చెప్పాలి. 1979లోనే సుప్రీంకోర్టు ఆ బాధ్యత మేజిస్ట్రేట్ల మీద పెట్టింది. అది హుస్సేనారా ఖాతూన్ కేసు. బీహారు జైళ్లలో విచారణ కూడా మొదలవకుండా ఏళ్ల తరబడి మగ్గుతున్నవాళ్ల గురించి అప్పట్లో ఇండియన్ ఎక్స్‌ప్రెస్ పత్రికలో కథనాలు వచ్చాయి. పుష్పా కపిలా హింగోరాణీ అనే న్యాయవాది వాటిని పట్టుకుని సుప్రీంకోర్టుకి వెళ్లారు. నేరం రుజువైతే పడే శిక్ష కంటే ఎక్కువ కాలం, అసలు విచారణే లేకుండా గడిపినవాళ్లు ఆ జైళ్లలో ఉన్నారు. జస్టిస్ పి.ఎన్. భగవతి ఆ కేసులో చాలా గట్టి ఆదేశాలిచ్చారు. 60 రోజులో 90 రోజులో నిండిన ఖైదీని మీ ముందుకు తెస్తే, రిమాండ్ పొడిగించే ముందు, నీకు బెయిలు హక్కు వచ్చిందని అతనికి చెప్పండి అన్నారు. లాయరు లేకపోతే ప్రభుత్వ ఖర్చుతో పెట్టండి అన్నారు.

చెప్పాలన్న ఆదేశం ఉంది. కానీ ఒక మేజిస్ట్రేటు కోర్టులో ఒక పూట ఎన్ని కేసులు పిలుస్తారో కోర్టుకి వెళ్లిన ప్రతివాళ్లకీ తెలుసు. వీడియో తెర మీద ఒక్కో ఖైదీ నిమిషం కనిపిస్తాడు. వాయిదా తేదీ చెప్తారు. తెర మీదకి ఇంకొకడు వస్తాడు. ఆ నిమిషంలో ఎవరో ఒకరు "అరవై దాటింది" అనకపోతే ఆ రోజు పోతుంది. 2022 డిసెంబరు చివరికి మన దేశంలో జైళ్లలో ఉన్నవాళ్లు 5 లక్షల 73 వేల మంది. వాళ్లలో 4 లక్షల 34 వేల మంది విచారణ ఖైదీలు. అంటే నూటికి 75 మందికి పైగా, ఇంకా నేరం రుజువు కానివాళ్లే. వీళ్లందరికీ ఈ రోజుల లెక్క వర్తిస్తుందని నేను అనను. చాలామంది మీద ఎప్పుడో చార్జిషీటు పడి ఉంటుంది. కానీ లెక్కపెట్టేవాళ్లు లేక లోపల ఉండిపోయిన ఒక్క మనిషి ఉన్నా, అది మనందరం పట్టించుకోవలసిన విషయం.

డబ్బున్నవాడి ప్లీడరు ఈ లెక్క మరిచిపోడు. కూలిపనికి పోయేవాడి తరఫున ఎవరు లెక్కపెడతారు? ఇంట్లో వాళ్లే పెట్టాలి. అందుకే మిమ్మల్ని ఇంతగా అడుగుతున్నాను.

ఇంకో ముఖ్యమైన సంగతి, జామీనుదారులు. బెయిలు ఉత్తర్వు వచ్చినంత మాత్రాన మనిషి బయటికి రాడు. కోర్టు చెప్పిన జామీను కట్టాలి. చట్టంలోనే ఉంది ఆ మాట. జామీను ఇవ్వడానికి సిద్ధంగా ఉండి, ఇస్తేనే విడుదల. కోర్టు ఇచ్చిన గడువులో జామీను పెట్టలేకపోయారు, ఈలోగా చార్జిషీటు పడింది అనుకోండి. చేతికొచ్చిన హక్కు జారిపోతుంది. కాబట్టి అరవై ఒకటో రోజు వచ్చాక జామీనుదారుల కోసం తిరగడం కాదు. యాభయ్యో రోజుకే మాట్లాడి పెట్టుకోండి. జామీను ఉండేవాళ్లు ఎవరో, వాళ్ల ఆధార్ కార్డు, పట్టాదారు పాసుపుస్తకం గానీ, ఇంటి పన్ను రసీదు గానీ, మీ కోర్టులో ఏం అడుగుతారో ప్లీడరు గారిని అడిగి సిద్ధం చేసుకోండి.

జామీను మొత్తం మరీ ఎక్కువ వేశారా? తగ్గించమని అడగండి. 1978లో మధ్యప్రదేశ్‌లో ఒక తాపీ పనివాడికి మేజిస్ట్రేటు 10,000 రూపాయల జామీను అడిగారు. సోదరుడు వచ్చి నిలబడతానంటే, ఆస్తి వేరే జిల్లాలో ఉందని కాదన్నారు. సుప్రీంకోర్టులో జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ దాన్ని తప్పుపట్టారు. పేదవాడికి మోయలేని జామీను వెయ్యడమంటే బెయిలు లేదనడమే అని ఆ తీర్పు సారం. ఆ తాపీ పనివాణ్ని 1,000 రూపాయల సొంత పూచీకత్తు మీద వదలమన్నారు. అలాగే ఈ గడువు దాటినందుకు బెయిలు ఇచ్చేటప్పుడు, ఇంత డబ్బు కోర్టులో కట్టు అని షరతు పెట్టకూడదు. 2020లో తమిళనాడుకి చెందిన ఒక మోసం కేసులో 8 లక్షలు కట్టమన్న షరతుని సుప్రీంకోర్టు కొట్టేసింది. బెయిలు వచ్చి 7 రోజులైనా మనిషి విడుదల కాకపోతే, జైలు సూపరింటెండెంట్ ఆ సంగతి జిల్లా న్యాయ సేవాధికార సంస్థ కార్యదర్శికి తెలియజేయాలి. ఇది 2023 జనవరిలో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశం. నెల దాటినా జామీను పెట్టలేకపోతే, కోర్టు తనంతట తానే ఆ షరతుల్ని సడలించే విషయం ఆలోచించవచ్చు.

కొన్ని కేసుల్లో ఈ లెక్క మారుతుంది. అదీ తెలుసుకోవాలి. మన మన్యం ప్రాంతంలో గంజాయి కేసులు ఎక్కువ. మూట మోసినందుకు కూలి ఇస్తామంటే ఒప్పుకుని, చెక్‌పోస్టు దగ్గర దొరికిపోయే కుర్రాళ్లు ఎందరో. పట్టుబడిన గంజాయి 20 కిలోలు దాటితే దాన్ని వాణిజ్య పరిమాణం అంటారు. అప్పుడు గడువు 60 కాదు, 90 కాదు, 180 రోజులు. పబ్లిక్ ప్రాసిక్యూటరు కారణాలు చూపించి అడిగితే కోర్టు దాన్ని ఏడాది దాకా పొడిగించవచ్చు. చట్టవిరుద్ధ కార్యకలాపాల నిరోధక చట్టం, అదే యు.ఎ.పి.ఎ. కింద 90 రోజుల్ని 180 దాకా పొడిగించవచ్చు. కానీ ఆ పొడిగింపు గుట్టుగా జరగకూడదు. అడిగినప్పుడు నిందితుణ్ని నేరుగానో, వీడియోలోనో కోర్టు ముందు ఉంచాలి, పొడిగింపు అడుగుతున్నారని అతనికి తెలియాలి. 2022లో సుప్రీంకోర్టు చెప్పింది ఇది.

ఇక 60, 90ల మధ్య తగాదా వచ్చే కేసులు కొన్ని ఉన్నాయి. "10 ఏళ్ల దాకా" శిక్ష అని సెక్షన్‌లో ఉంటుంది. అంటే తక్కువా పడొచ్చు, 10 ఏళ్లూ పడొచ్చు. ఇందాక చెప్పిన అస్సాం కేసులో, అలాంటి నేరానికి 60 రోజులే అని మెజారిటీ తీర్పు వచ్చింది. అది పాత చట్టం మీద వచ్చిన తీర్పు. కొత్త చట్టంలో మాటల కూర్పు కొంచెం మారింది కాబట్టి దాని మీద వాదనలు జరుగుతున్నాయి. మీ కేసు అలాంటిదైతే అరవై ఒకటో రోజునే అడిగించండి. కాదంటే తొంభై ఒకటో రోజు ఎలాగూ ఉంది. అందుకే రిమాండ్ రిపోర్టులో ఏ సెక్షన్లు వేశారో మొదటి రోజే తెలుసుకోవాలి. ఒకే మనిషి మీద రెండు కేసులుంటే, రెండిటికీ రిమాండ్ తేదీలు వేరు, లెక్కలు వేరు. అదీ గుర్తుపెట్టుకోండి.

2020లో కరోనా వచ్చినప్పుడు కోర్టుల గడువులన్నీ పొడిగించారు. అప్పుడు ఒక ప్రశ్న వచ్చింది. చార్జిషీటు గడువు కూడా పెరిగినట్టేనా? లాక్‌డౌన్‌లో పోలీసులకి దర్యాప్తు కష్టం కదా? సుప్రీంకోర్టు ఆ ఏడాది జూన్‌లో జవాబు చెప్పింది. పెరగదు. కోర్టుకి అప్పీలు వేసుకునే గడువు వేరు. ఒక మనిషి స్వేచ్ఛకి సంబంధించిన గడువు వేరు. దేశమంతా తలుపులు మూసుకున్న రోజుల్లో కూడా ఈ 60, 90ల లెక్క ఆగలేదు. ఈ హక్కు ఎంత గట్టిదో చెప్పడానికి నాకు ఇంతకన్నా మంచి రుజువు కనపడదు.

ఇంతసేపూ లోపలున్నవాళ్ల గురించే మాట్లాడాను. వింటున్నవాళ్లలో నష్టపోయిన కుటుంబాలూ ఉంటాయి. "మా పిల్లని చంపినవాడు, మా ఇల్లు దోచినవాడు తారీఖుల లెక్కతో బయటికొచ్చేస్తాడా?" అని మీ గుండె మండుతుంది. మీ బాధ నాకు అర్థమవుతుంది. మీకు రెండు మాటలు చెప్పాలి.

ఒకటి. ఈ బెయిలు వస్తే కేసు పోదు. నిర్దోషి అయిపోడు. దర్యాప్తు సాగుతుంది, చార్జిషీటు తర్వాత పడుతుంది, విచారణ జరుగుతుంది, నేరం రుజువైతే శిక్ష పడుతుంది. బయటికొచ్చాక సాక్షుల్ని బెదిరిస్తే బెయిలు రద్దవుతుంది. అంతే కాదు. పులివెందులలో 2019 మార్చిలో జరిగిన వై.ఎస్. వివేకానందరెడ్డి హత్య కేసు మీకు గుర్తుండే ఉంటుంది. 90 రోజుల్లో చార్జిషీటు పడలేదని అందులో ఒక నిందితుడికి బెయిలు వచ్చింది. తర్వాత సి.బి.ఐ. చార్జిషీటు వేసింది. ఆ బెయిలుని రద్దు చెయ్యొచ్చా అన్న ప్రశ్న సుప్రీంకోర్టుకి వెళ్లింది. 2023 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. చార్జిషీటు పడినంత మాత్రాన రద్దు కాదు. కానీ అందులో తీవ్రమైన, ప్రత్యేకమైన కారణాలు బయటపడితే రద్దు చేసే అధికారం కోర్టుకి ఉంది అంది. ఆ ఏడాది ఏప్రిల్‌లో తెలంగాణ హైకోర్టు ఆ బెయిలుని రద్దు చేసింది.

రెండో మాట. మీరు కూడా రోజులు లెక్కపెట్టండి. నేను మనస్ఫూర్తిగా అంటున్నాను. గడువు దాటడం వల్ల నిందితుడు బయటికొస్తే, ఆ తప్పు చట్టానిది కాదు, సకాలంలో పని ముగించని దర్యాప్తుది. కొత్త చట్టం 193వ సెక్షన్‌లో మీకు ఒక హక్కు ఉంది. దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల్లోగా పోలీసులు ఫిర్యాదుదారుకో, బాధితులకో తెలియజేయాలి. ఫోనుకి సందేశం పంపినా సరే, తెలియజేయాలి. అత్యాచారం కేసుల్లో, పోక్సో కేసుల్లో దర్యాప్తే రెండు నెలల్లో పూర్తవ్వాలి. కాబట్టి నలభయ్యో రోజున స్టేషన్‌కి వెళ్లండి. సి.ఐ. గారిని గౌరవంగానే అడగండి. ల్యాబ్ రిపోర్టు వచ్చిందా, సాక్షుల వాంగ్మూలాలు అయ్యాయా, చార్జిషీటు ఎప్పుడు వేస్తారు అని. జవాబు రాకపోతే పై అధికారికి రాసి ఇవ్వండి. లోపలున్నవాడి ఇంట్లో ఒక క్యాలెండరు, మీ ఇంట్లో ఒక క్యాలెండరు ఉంటే, మధ్యలో ఉన్న పోలీసుస్టేషన్‌లో కాగితం కదులుతుంది.

చార్జిషీటు పడ్డాక ఏమిటి? క్లుప్తంగా చెప్తాను. నిందితుడు కోర్టులో హాజరైన 14 రోజుల్లోగా అతనికి చార్జిషీటు, దాంతో పెట్టిన కాగితాల నకళ్లు ఉచితంగా ఇవ్వాలి. అభియోగాల మీద మొదటి వాయిదా నుంచి 60 రోజుల్లో కోర్టు అభియోగాలు నమోదు చెయ్యాలి. ఇవి కొత్త చట్టం పెట్టిన గడువులు. కానీ ఇవి దాటితే బెయిలు వచ్చి తీరాలన్న నియమం లేదు. ఆ బలం ఉన్నది చార్జిషీటు గడువుకే.

ఆఖరుగా, లాయరుకి డబ్బులు లేనివాళ్ల సంగతి. నిర్బంధంలో ఉన్న ప్రతి మనిషికీ ఉచితంగా న్యాయవాదిని పెట్టాలని 1987 నాటి న్యాయ సేవల చట్టం చెప్తుంది. ఆదాయం ఎంతో అడగరు. తెల్లకార్డు ఉందా అని అడగరు. లోపల ఉన్నాడు, అదొక్కటి చాలు. ప్రతి జిల్లా కోర్టు ఆవరణలో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ కార్యాలయం ఉంటుంది. మండల స్థాయిలోనూ న్యాయ సేవా కమిటీలు ఉన్నాయి. అక్కడికి వెళ్లి ముద్దాయి పేరు, జైలు పేరు, క్రైమ్ నంబరు, స్టేషన్ పేరు, రిమాండ్ తేదీ, ఈ అయిదు చెప్పండి. వెళ్లలేకపోతే ఫోను చెయ్యండి. నంబరు 15100. మళ్లీ చెప్తున్నాను. ఒకటి, అయిదు, ఒకటి, సున్నా, సున్నా.

ఈ వారం మీ ఊరి నుంచి ఎవరైనా జైలుకి ములాఖత్‌కి వెళ్తుంటే, దయచేసి ఈ నంబరు ఒక చీటీ మీద రాసి వాళ్ల చేతికివ్వండి. లోపలున్న మనిషిని రిమాండ్ తేదీ ఎంతని అడిగి, అదే చీటీ వెనక రాసుకు రమ్మనండి.